కుంకుడు రసం చిక్కగా రావాలంటే

కుంకుడుకాయలు కొనేటప్పుడు గింజ తీసినవా, గింజతో ఉన్నవా అని చూసి ధర పోల్చండి. గింజతో ఉన్నవాటి తూకంలో సగానికి దగ్గరగా గింజే, దానికి నురగ రాదు. నురగంతా పైతొక్కలోనే.

నడుముదాకా ఉన్న జుట్టుకి 10, 12 కాయలు చాలు. కొట్టి గింజలు తీసేసి, రాత్రే రెండు గ్లాసుల వేడినీళ్ళలో నానేయండి. పొద్దున అవే నీళ్ళలో చేత్తో గట్టిగా పిసికితే రసం చిక్కగా దిగుతుంది. అప్పటికప్పుడు మరిగించి తీసిన రసం చాలాసార్లు పల్చగా ఉండడానికి కారణం, తొక్క లోపలిదాకా నానకపోవడమే. పిసికేటప్పుడు గుప్పెడు మందారాకులు కలిపితే ఆ జిగురుకి చిక్కులు తేలిగ్గా వస్తాయి, కండిషనర్ ఖర్చు మిగులుతుంది.

పల్చటి పాత నూలుగుడ్డలో వడకట్టండి. టీ జల్లెడ చాలదు, సన్నటి పిప్పి దిగిపోయి ఎండాక చుండ్రులా కనిపిస్తుంది. నూనె ఎక్కువ పట్టిస్తే రెండోసారీ రుద్దాల్సి వస్తుంది, కాయలు రెట్టింపు. అందుకే తలంటుకి రెండు చెంచాల నూనె మించొద్దు.

కుంకుడు రసం కళ్ళలో పడితే నోట్లో ఉప్పుకల్లు వేసుకోమంటారు గానీ, వెంటనే చన్నీళ్ళతో బాగా కడగడమే సరైన పని. మిగిలిన రసం బయట పెడితే మర్నాటికే పులుస్తుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, వెండి పట్టీలు తోముకోవచ్చు.