డేటా పోయింది, తెరుచుకోవట్లేదు, లెక్క కుదరట్లేదు: రీసెర్చ్ స్కాలర్ల కష్టాలు, వాటి అసలు కారణాలు, చేయాల్సిన పనులు

థీసిస్ ఇచ్చే ముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్ డేట్ దగ్గర పడ్డాక జూనియర్లు పరుగెత్తుకుంటూ వస్తారు, అన్నా డేటాలో ఏదో తేడా కొడుతోంది ఒకసారి చూడవా అని. చూస్తే ఆ తేడా మొన్న వచ్చింది కాదు, మూడేళ్ల కింద ఫీల్డ్‌వర్క్ మొదటి వారంలోనే పుట్టింది, ఇన్నాళ్లు ఎవరి కంటా పడలేదంతే. పరిశోధన మొదట్లో ఇచ్చే సినాప్సిస్‌లో డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్, అంటే డేటాని ఎలా దాస్తాం అన్నది, అని ఒక పేరా రాసి వదిలేస్తాం కదా, ఆ పేరా మనసు పెట్టి రాసుంటే వీటిలో చాలావరకు వచ్చేవే కాదు. నేను ఊళ్లు తిరిగి సర్వేలు, ఇంటర్వ్యూలు చేసేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, ల్యాబ్‌లో చేసేవాళ్లకీ సగం పనికొస్తుంది. మీకు తగిలిన సమస్య ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లిపోండి.

"హార్డ్‌డిస్క్ పెడితే ఏమీ కనపడట్లేదు"

ముందు ఏమీ చేయకండి. డిస్క్ లోపల టక్ టక్ అని శబ్దం వస్తుంటే వెంటనే పీకేయండి, మళ్లీ మళ్లీ పెట్టి చూడటం, నెట్‌లో దొరికిన రికవరీ సాఫ్ట్‌వేర్ నడపటం వద్దు, ప్రతిసారీ ఇంకాస్త పాడవుతుంది, రికవరీ చేసేవాళ్ల దగ్గరకి తీసుకెళ్లండి. శబ్దం ఏమీ లేదు, పొరపాటున ఫైళ్లు డిలీట్ అయ్యాయి అంటే ఆ డిస్క్ మీద కొత్తగా ఒక్క ఫైల్ కూడా కాపీ చేయొద్దు, ఎందుకంటే డిలీట్ చేసినా మామూలు హార్డ్‌డిస్క్‌లో సరుకు కొన్నాళ్లు అక్కడే ఉంటుంది, దాని మీద కొత్తది రాసేస్తేనే పోతుంది. ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే డిస్క్ లేకుండా చిప్‌ల మీద రాసే రకం) అయితే ఆశ తక్కువ, అది ఖాళీ అయిన చోటుని తనే తుడిచేసుకుంటుంది.

ఈలోపు వేరే చోట్ల వెతకండి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, కాలేజీ వన్‌డ్రైవ్ అకౌంట్ రీసైకిల్ బిన్‌లో మామూలుగా 93 రోజులు ఉంటాయి. రికార్డింగులు ఫోన్‌లో అలాగే ఉండొచ్చు, గైడ్‌కి పంపిన మెయిళ్లలో ఎక్సెల్ షీట్లు దొరకొచ్చు.

అసలు కారణం డిస్క్ పాడవటం కాదు, డిస్కులన్నీ ఏదో ఒకరోజు పాడయ్యేవే, కాపీ ఒక్కటే ఉండటం కారణం. లేదా రెండున్నా రెండూ ఒకేచోట ఉండటం. నా విషయంలో అదే జరిగింది, బ్యాకప్ డిస్క్ కొన్నాను గానీ దాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులోనే పెట్టుకుని తిరిగాను, ఒకరోజు రాత్రి బస్సులో పై ర్యాక్‌లో పెట్టిన బ్యాగు తెల్లారి చూస్తే లేదు. 43 ఇంటర్వ్యూల్లో 11 మిగిలాయి, అవి కూడా ట్రాన్స్‌క్రిప్షన్ కోసం, అంటే విని టైప్ చేయటానికి, ఫ్రెండ్‌కి పంపాను కాబట్టి మిగిలాయి. మళ్లీ ఆ ఊళ్లకి వెళ్తే ఇద్దరు పెద్దవాళ్లు అప్పటికే చనిపోయారు. వాళ్లు నాతో చెప్పిన మాటలు ఇంకెక్కడా లేవు. అందుకే ఈ విషయంలో నేను ఇంత పట్టుబడతాను.

చేయాల్సింది 3-2-1 అంటారు: 3 కాపీలు, 2 రకాల చోట్ల, అందులో 1 వేరే ఊళ్లోనో కనీసం వేరే బిల్డింగ్‌లోనో. ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఇంట్లో బీరువాలో హార్డ్‌డిస్క్ ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, సరిపోయింది. కానీ డ్రైవ్‌లో సింక్ అవుతోంది కదా అదే బ్యాకప్ అనుకోకండి, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, ఇక్కడ వైరస్ దూరి మీ ఫైళ్లకి తాళం వేస్తే ఆ తాళం వేసిన ఫైళ్లే అక్కడికీ వెళ్తాయి. యూనివర్సిటీ సర్వర్‌లో ఉందన్న ధీమా కూడా వద్దు, 2021 డిసెంబర్‌లో జపాన్ క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్‌లో బ్యాకప్ ప్రోగ్రామే తప్పుగా నడిచి 77 టెరాబైట్ల రీసెర్చ్ డేటాని చెరిపేసింది. నెలకోసారి బ్యాకప్ డిస్క్‌లోంచి ఏదో ఒక రికార్డింగ్ తెరిచి వినండి, అసలు తెరుచుకుంటుందో లేదో అప్పుడే తెలిసేది.

ఇంకోటి, కాలేజీ మెయిల్ ఐడీతో ఉన్న డ్రైవ్ మీది కాదు. కోర్సు అయ్యాక అది మూసేస్తారు. పైగా గూగుల్ 2022లో విద్యాసంస్థలకి అన్‌లిమిటెడ్ స్టోరేజ్ తీసేసి మొత్తం సంస్థకి కలిపి 100 టెరాబైట్ల లెక్క పెట్టింది కాబట్టి చాలా చోట్ల ఒక్కొక్కరి కోటా కోసేశారు. మామూలు జీమెయిల్‌కి వచ్చే 15 జీబీ మెయిళ్లకీ ఫొటోలకీ కలిపి, వీడియో ఇంటర్వ్యూలు చేస్తే అది నెల కూడా రాదు.

"తెలుగులో టైప్ చేసిందంతా పిచ్చి గీతలుగా వస్తోంది"

ఇందులో మూడు రకాలున్నాయి, మీది ఏదో చూసుకోండి.

తలమీద గీత ఉన్న ఇంగ్లీష్ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, ఇవే మళ్లీ మళ్లీ వస్తుంటే డేటా బాగానే ఉంది, ఎక్సెల్ తప్పుగా చదువుతోంది. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలని దాచుకునే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి 3 బైట్లు పడతాయి, ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలు అనుకుంటోంది. సేవ్ కొట్టకుండా మూసేయండి, ఇది చాలా ముఖ్యం. ఖాళీ ఎక్సెల్ తెరిచి డేటా మెనూలో టెక్స్ట్/సీఎస్‌వీ (గళ్లని కామాలతో విడదీసి రాసే సాదా ఫైల్) నుంచి తెచ్చుకునే ఆప్షన్ పట్టుకుని, ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి, తెలుగు వచ్చేస్తుంది.

అన్నీ ప్రశ్న గుర్తులే కనపడుతుంటే ఎవరో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసేశారు, ఆ ఫైల్‌లో తెలుగు ఇక లేదు, ఏ కన్వర్టరూ తేలేదు, ఒరిజినల్‌కి పోవాల్సిందే.

మూడోది, డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో టైప్ చేయించుకున్న ట్రాన్స్‌క్రిప్టులు. అవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌కి తెలుగు బొమ్మ తొడిగినవి, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్‌కి, అంటే ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనపడే కోడ్‌కి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చండి, కానీ ఒరిజినల్ పారేయొద్దు, వత్తులు, సున్నాలు తేడా వస్తాయి కాబట్టి కనీసం ఒక్కో ఇంటర్వ్యూలో ఒక పేజీ అయినా పక్కపక్కన పెట్టి కంటితో చదవండి. కొత్తగా టైప్ చేయించేటప్పుడు యూనికోడ్‌లోనే కావాలి అని ముందే చెప్పండి.

"భూమి లెక్కలు కుదరట్లేదు, సన్నకారు రైతులు మరీ ఎక్కువ వస్తున్నారు"

దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. తెలంగాణలో రైతుని ఎంత భూమి అంటే రెండెకరాల ఇరవై గుంటలు అంటాడు, మనం షెడ్యూల్‌లో (సర్వే ప్రశ్నల కాగితంలో) 2.20 అని రాసుకుంటాం. ఆంధ్రాలో రెండెకరాల ఇరవై సెంట్లు అంటాడు, అదీ 2.20 అనే రాస్తాం. ఎకరానికి గుంటలు 40, సెంట్లు 100. అంటే మొదటాయన భూమి నిజానికి 2.5 ఎకరాలు, రెండో ఆయనది 2.2 ఎకరాలు. హెక్టార్లలోకి మారిస్తే మొదటాయనకి 1.01, అంటే హెక్టారు దాటింది కాబట్టి చిన్న రైతు, కానీ ఎక్సెల్ దాన్ని 0.89 అనుకుని సన్నకారు రైతుల్లో పడేస్తుంది. థీసిస్‌లో టేబుల్ అంతా దీని మీదే నిలబడి ఉంటుంది.

మీ డేటాలో ఇది ఉందో లేదో తెలుసుకోవటం తేలికే. పాయింట్ తర్వాత అంకెలు చూడండి, వందల వరసల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా 39 దాటకపోతే అవి గుంటలే. కొన్ని దాటి, ఎక్కువ శాతం 10, 20, 30 దగ్గర గుమిగూడి ఉంటే రెండూ కలిసిపోయాయి, ఎవరు ఏ ఊళ్లో నింపారో చూసి విడదీయాలి. ఇంకో ముప్పు ఏంటంటే ఎక్సెల్ 2.20ని 2.2 చేసేస్తుంది, తర్వాత చూసేవాళ్లకి అది 20 గుంటలా 2 గుంటలా అర్థం కాదు, కాగితం షెడ్యూల్ తీసి చూడాల్సిందే. బాగుచేయటం ఇలా: ఎకరాలకి ఒక కాలమ్, గుంటలకో సెంట్లకో ఇంకో కాలమ్, ఏ యూనిటో చెప్పటానికి మూడోది, మొత్తం ఎకరాలు ఫార్ములాతో నాలుగోది. కొత్తగా సర్వే మొదలెట్టేవాళ్లు షెడ్యూల్ ప్రింట్ చేసే ముందే ఈ గళ్లు గీయండి.

బస్తా కూడా అంతే, కోస్తాలో వడ్ల బస్తా అంటే 75 కేజీల లెక్కలో చెప్తారు, తెలంగాణ కొనుగోలు కేంద్రంలో సంచికి 40 కేజీలు తూస్తారు, దిగుబడి ఎకరానికి 30 బస్తాలు అని రాసుకుంటే ఏ 30 అది? జిల్లా పేరుకీ ఇదే జబ్బు. తెలంగాణ 10 జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31 అయ్యి తర్వాత 33 అయ్యాయి, ఆంధ్రాలో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి, మీరు పాత సెన్సస్‌తో పోల్చేటప్పుడు నల్గొండ అంటే ఏ నల్గొండ అన్నది రాసుండాలి. ఊరి పేరుతో పాటు ప్రభుత్వం ఊళ్లకి కోడ్‌లు ఇచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఉండే విలేజ్ కోడ్ ఒక కాలమ్‌లో పెట్టుకుంటే ఒకే ఊరిని సర్వే నింపే నలుగురు ఎన్యూమరేటర్లు నాలుగు రకాల స్పెల్లింగ్‌తో రాసినా ఇబ్బంది ఉండదు.

"సర్వే నంబర్లు తేదీలైపోయాయి"

12/3 అని కొడితే ఎక్సెల్ తేదీ అనుకుంటుంది, 1-2, 3-5 అని గ్రూపులు రాసినా అంతే. ఒకసారి మారిపోయాక కాలమ్‌ని టెక్స్ట్ చేస్తే 40 వేలు దాటిన ఏదో అంకె వస్తుంది, చాలామంది ఇక్కడే కంగారుపడి మొత్తం చెడగొట్టుకుంటారు. టైప్ చేసే ముందే కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోవటం ఒక్కటే సరైన మందు, మారిపోయినవాటిని షెడ్యూల్ చూసి మళ్లీ కొట్టండి. ఇది మన ఒక్కళ్ల బాధ కాదు, జీన్ల పేర్లు తేదీలుగా మారిపోయి పేపర్లలో అచ్చయిపోతుంటే, 2020లో జీన్లకి పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ ఎక్సెల్‌ని మార్చలేక జీన్ల పేర్లే మార్చుకుంది.

"గైడ్ పాత టేబుల్ మళ్లీ తీయమన్నారు, అదే నంబర్ రావట్లేదు"

ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ సార్ చెప్పాక, ఇలా పేర్లు పెట్టుకున్న ఫోల్డర్ అయితే కారణం నేను చెప్పక్కర్లేదు. ఫీల్డ్ నుంచి వచ్చిన ఫైల్‌ని రీడ్-ఓన్లీ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టేయండి, దాన్ని ఇక ముట్టుకోవద్దు, మార్పులన్నీ కాపీ మీదే. పేరు ముందు 2025-03-12 ఇలా సంవత్సరం ముందు వచ్చేలా తేదీ పెడితే వరస దానంతట అదే కుదురుతుంది. ఏ వరసలు తీసేశారు, ఎందుకు తీసేశారు అన్నది ఒక నోట్‌ప్యాడ్ ఫైల్‌లో ఆ రోజే రాసుకోండి. డేటాలో 99 అని ఉంటే దానర్థం జవాబు చెప్పలేదా, తెలీదన్నారా, వయసు 99 ఏళ్లా అన్నది కూడా ఆ పక్కనే, దాన్నే కోడ్‌బుక్ అంటారు.

రీన్‌హార్ట్, రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పు మీద 2010లో రాసిన పేపర్ లెక్కని 2013లో థామస్ హెర్న్‌డన్ అనే స్కాలర్ క్లాస్ అసైన్‌మెంట్‌గా మళ్లీ చేస్తే ఎక్సెల్ సరాసరి ఫార్ములాలో 5 దేశాలు వదిలేశారని బయటపడింది. రచయితలు తమ షీట్ ఇచ్చారు కాబట్టే అది దొరికింది. మీ షీట్ కూడా ఎవరైనా అడిగితే ఇవ్వగలిగేలా ఉండాలి.

"జర్నల్ వాళ్లు డేటా పెట్టమంటున్నారు, నేను పెట్టలేను"

ఎందుకు పెట్టలేరు అంటే కన్సెంట్ ఫారంలో (ఇంటర్వ్యూకి ముందు వాళ్ల అనుమతి తీసుకునే కాగితం) డేటా ఇతరులకి ఇవ్వటం గురించి ఒక్క ముక్క రాయలేదు, లేదా ఇంకెవరికీ చూపించం, చదువు అయ్యాక తగలబెట్టేస్తాం అని రాసేశారు. ఇచ్చిన మాట మాటే, దాన్ని దాటొద్దు, పరిశోధనలో మనుషులకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీని అడిగి, కుదిరితే మళ్లీ ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల దగ్గరకి వెళ్లి అనుమతి తీసుకోండి, కుదరకపోతే జర్నల్‌కి కారణం రాయండి, వాళ్లు అర్థం చేసుకుంటారు. కొత్తవాళ్లు ఫారంలో మూడు విషయాలు తేలిక తెలుగులో పెట్టండి: మీ మాటలు పేరు తీసేసి దాస్తాం, వేరే పరిశోధకులు చదవొచ్చు, వద్దంటే ఇప్పుడే చెప్పొచ్చు. చదవటం రానివాళ్లకి చదివి వినిపించి వాళ్ల ఒప్పుకోలు రికార్డ్ చేయండి.

పేరు తీసేస్తే అయిపోయింది అనుకోవద్దు. ఊళ్లో ఏఎన్ఎం ఒక్కరే ఉంటారు, ఊరి పేరు ఉంచి "ఏఎన్ఎం, 46 ఏళ్లు" అని రాస్తే ఆమె ఎవరో ఊరంతటికీ తెలుసు, డాక్టర్ గురించి ఆమె చెప్పిన మాట ఆమె ఉద్యోగం మీదకి వస్తుంది. ఊరి పేరూ మార్చండి, వయసు 40-50 చేయండి. ఎవరు ఏ నంబరో చెప్పే లిస్ట్ వేరే ఫైల్‌లో పాస్‌వర్డ్‌తో, డేటా ఉన్న ఫోల్డర్‌లో కాకుండా. ఆధార్ నంబర్లు అసలు తీసుకోకండి, మీకు దాంతో పనేం లేదు. వ్యక్తుల సమాచారం మీద 2023లో చట్టం కూడా వచ్చింది.

పెట్టగలిగిన డేటాకి జెనోడో అనే సైట్ మంచిది, యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు నడుపుతారు, డబ్బులు లేవు, ఒక్కో డేటాసెట్ 50 జీబీ వరకు, డీఓఐ (ఎప్పటికీ మారని లింక్ నంబర్) ఇస్తారు, అడిగినవాళ్లకే చూపించేలా కూడా పెట్టుకోవచ్చు. దేశంలోని థీసిస్‌లు దాచే శోధ్‌గంగ సైట్‌కి వెళ్లేది మీ థీసిస్, దాన్ని చూసి డేటా కూడా భద్రంగా ఉందనుకోకండి.

"ప్లాన్ రాయమన్నారు, ఏం రాయాలో తెలీట్లేదు"

సీనియర్ ప్లాన్‌లోంచి "డేటా సురక్షితంగా భద్రపరచబడును" అనే వాక్యం కాపీ కొడుతున్నారు కాబట్టి తెలీట్లేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెట్టి రాయండి, ఒక పేజీ చాలు. రోజూ రాత్రి బస చేసిన చోటే రికార్డింగులు ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి, వైఫై దొరికిన రోజు క్లౌడ్‌కి, ఇంటికొచ్చిన ప్రతిసారీ బీరువాలో డిస్క్‌కి. ఫీల్డ్ ఫొటోలు వాట్సాప్‌లో ఫొటోగా కాదు డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే సైజు తగ్గిపోయి ఎక్కడ ఎప్పుడు తీశామన్న వివరం ఊడిపోతుంది. కాగితం షెడ్యూళ్లు వారంలోపు స్కాన్, ఒరిజినల్స్ నేల మీద పెట్టొద్దు, చెదలు. ప్రతి సెమిస్టర్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్తాం కదా, ఆ ముందు రోజు ఈ పేజీ తీసి ఏది చేయట్లేదో చూసి మార్చుకోండి.

చివరి వరస ఒకటి దాదాపు ఎవరూ రాయరు, మీకేమైనా అయితే ఈ డేటా ఎవరు తెరవాలి అన్నది. ఎవరు ఏ నంబరో చెప్పే ఆ పేర్ల లిస్ట్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి అంటించి, పైన మీ పేరు, తేదీ వేసి గైడ్ గారి చేతికి ఇవ్వండి, వారి బీరువాలో ఉంటుంది.