పాత ఇంట్లో యుద్ధకాలపు రివాల్వర్ బయటపడితే: దాని చరిత్ర వెతికే ముందు జాగ్రత్తలు

చెన్నైలో మైలాపూర్‌లో, టీ నగర్‌లో, పెరంబూర్‌లో మనవాళ్ల పాత ఇళ్లు ఒక్కొక్కటే బిల్డర్ల చేతికి వెళ్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతాయి. వాటిలో ఒకదాని అడుగున, పాత దుప్పట్ల కింద, తాతగారి మిలిటరీ రివాల్వర్ ఉండొచ్చు. ఇది ఎవరిది, ఏ యుద్ధంలో వాడారు, మన ఇంటికి ఎలా వచ్చిందని తెలుసుకోవాలనిపించడం సహజం. తెలుసుకోవాలి కూడా. కానీ ఆ ఉత్సాహంలో మొదటిరోజు చేసే పనులే ఇటు ప్రాణం మీదికి, అటు కేసు మీదికి తెస్తాయి. ముందే ఒక మాట చెప్తాను. చరిత్ర వెతకడానికి ఆ రివాల్వర్ మీ ఇంట్లో ఉండనక్కర్లేదు. దాని మీది నంబర్లు, ముద్రలు, ఇంట్లోని కాగితాలు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఉంటే చాలు.

పెట్టె తెరవగానే పిల్లల్ని ఆ గదిలోంచి పంపించేయండి. ఎనభై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదంటే అది ఖాళీగా ఉందని అర్థం కాదు. ఎవరూ చూడలేదని మాత్రమే అర్థం. ‘ఖాళీదేలే’ అని ట్రిగ్గర్ నొక్కి చూపించే బాబాయ్ ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, ఆయన్ని గట్టిగానే ఆపాలి. బిగుసుకుపోయిన సిలిండర్‌ను, అంటే తూటాలు పెట్టే గుండ్రటి భాగాన్ని, తిప్పొద్దు, గొట్టంలోకి పుల్ల పెట్టి చూడొద్దు, కిందపడనివ్వొద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల్లో తయారైన స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ రివాల్వర్ ఒకటి 1944 చివర్లో ఓడ డెక్ మీద పడి పేలింది. ఒక అమెరికన్ నావికుడు చనిపోయాడు. ఆ తర్వాతే కంపెనీ లోపలి సేఫ్టీ భాగాన్ని మార్చింది. మార్చినవాటి నంబరు ముందు ఎస్‌వీ అని, అంతకుముందువాటికి వీ అని మాత్రమే ఉంటుంది. మన ఇళ్లలో దొరికేది ఈ పాతరకం కావచ్చు.

పక్కనే తూటాలుంటే వాటినీ కదపొద్దు. ఇత్తడికి పచ్చగా చిలుము పట్టిందని తుడవడం, ఎండలో పెట్టడం, చెత్తబుట్టలో వేయడం, కూవం నదిలోకి విసిరేయడం ఇవేవీ చేయకూడదు. లైసెన్సు లేకుండా తూటా ఉంచుకోవడం కూడా నేరమే. తూటా అడుగున కేఎఫ్ అని ఉంటే అది పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీ సరుకు. ఆ వివరం ఎంత ఆసక్తిగా ఉన్నా, దూరం నుంచి తీసిన ఫోటోలో చూసుకుంటే సరిపోతుంది.

ఇక చట్టం. ఇక్కడే చాలామంది పొరబడతారు. తాతగారి ఆస్తి మనదైనట్టే తాతగారి తుపాకీ కూడా మనదవుతుందనుకుంటారు. తుపాకీ వారసత్వంగా రావచ్చు కానీ లైసెన్సు దానంతటదే రాదు. పైగా యుద్ధకాలపు బ్రిటిష్ సర్వీస్ రివాల్వర్లు ఎక్కువగా పాయింట్ 455, పాయింట్ 380 బోరువి (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో). ఆ తూటాలు పట్టే రివాల్వర్లు మన ఆయుధాల నిబంధనల్లో ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు పౌరులకు నిషేధించిన రకం, కిందికి వస్తాయి. వాటి లైసెన్సు విషయం కేంద్ర హోం శాఖ దాకా వెళ్తుంది. లైసెన్సు లేకుండా అలాంటిది ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠంగా 14 ఏళ్లు. ‘పురాతన వస్తువు కదా, పనిచేయదు కదా’ అనే మాట అంత తేలిగ్గా నిలబడదు. రిపేరు చేసినా కాల్చడానికి పనికిరాని స్థితిలో ఉంటేనే చట్టం మినహాయింపు ఇస్తుంది. ఆ సంగతి తేల్చాల్సింది మనం కాదు.

కాబట్టి మొదట వెతకాల్సింది లైసెన్సు పుస్తకం. బీరువాలో, బ్యాంకు లాకర్లో, ఇంటి పత్రాల మధ్యలో చూడండి. దొరికితే, చనిపోయిన లైసెన్సుదారు ఆయుధాన్ని 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుల సర్టిఫికెట్, మిగతా వారసుల నో అబ్జెక్షన్‌తో దరఖాస్తు పెట్టుకోవచ్చు. చెన్నై నగరంలో ఈ వ్యవహారం చూసేది పోలీస్ కమిషనర్ ఆఫీసు, వేపేరిలో ఉంది. లైసెన్సు దొరక్కపోతే అదేరోజు క్రిమినల్ కేసులు చూసే లాయర్‌తో మాట్లాడండి. ఆదివారం పోనీ అని ఆగొద్దు. రివాల్వర్‌ను సంచీలో వేసుకుని మీరే ఆటోలో స్టేషన్‌కు బయల్దేరొద్దు. దొరికిన తేదీ, చోటు, చూసినవాళ్ల పేర్లు రాసి, లాయర్ ద్వారా రాతపూర్వకంగా తెలియజేసి, తీసుకెళ్లే పని పోలీసులకే వదిలేయడం మేలని నా అభిప్రాయం. నెల్లూరులో అన్నయ్యకిద్దామని కారు డిక్కీలో పెట్టుకుని రాష్ట్రం దాటడం, కొరియర్‌లో వేయడం లాంటి ఆలోచనలు అసలు రానివ్వకండి.

శుభ్రం చేయడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చెన్నై ఉప్పుగాలికి ఇనుము ఎలా ఉంటుందో మనకు తెలుసు. తుప్పు చూడగానే గరుకు కాగితమో, బ్రాస్సో లాంటి లోహపు పాలిషో తీసుకుంటాం. రెండు నిమిషాలు రుద్దితే చాలు, వందేళ్ల ముద్ర పోతుంది. చరిత్ర పోవడమే కాదు, తుపాకీ మీది నంబరును, గుర్తింపు ముద్రను చెరిపేయడం చట్టంలో విడిగా నేరం. తోలు ఒర ఉంటే దాన్నీ పారేయకండి, దాని లోపల ఒక్కోసారి పేరు, యూనిట్ రాసి ఉంటాయి. కానీ రివాల్వర్‌ను మళ్లీ అందులో పెట్టకూడదు. తోలు తేమను పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది. డిపాజిట్ చేసేటప్పుడు డీలర్‌కు ఈ రెండు మాటలూ చెప్పండి: పాలిష్ వద్దు, ఒర విడిగా ఉంచండి.

ముద్రల ఫోటోలు కూడా ఆ డీలర్ చేతనే తీయించుకోవడం మంచిది. టార్చ్ లైటును పక్కనుంచి వాలుగా వేస్తే అరిగిన అక్షరాలు కూడా లేస్తాయి. వెబ్లీ కంపెనీ రివాల్వర్ మార్క్ 6 రకం అయితే, అది 1915లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది, ఫ్రేమ్ (తుపాకీ ప్రధాన చట్రం) మీద తయారైన సంవత్సరం చూడొచ్చు. మరో బ్రిటిష్ రివాల్వర్ ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 అయితే కుడిపక్క కిరీటం, ఎన్‌ఫీల్డ్ పేరు, మార్క్, సంవత్సరం వరసగా ఉంటాయి. దీనిలో మార్క్ 1 స్టార్ రకానికి వెనకాల బొటనవేలితో లాగే కొక్కెం ఉండదు. విరిగిపోయిందనుకుని అతికించబోయేవాళ్లుంటారు, తయారీయే అంత. కాకి కాలు లాంటి బాణం గుర్తు ప్రభుత్వ సొత్తని చెప్తుంది. దాని కింద ఇంగ్లిష్ ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాలు మొన మొన తాకుతూ ఉంటే సైన్యం అధికారికంగా అమ్మేసిందని. ఏ బాణమూ లేకుండా దుకాణం పేరు చెక్కి ఉంటే, ఆఫీసరు సొంత డబ్బుతో కొనుక్కున్నది కావచ్చు. మొదటి యుద్ధంలో బ్రిటిష్ ఆఫీసర్లు అలా కొనుక్కునేవాళ్లు. సిలిండర్ మీద, ఫ్రేమ్ మీద నంబర్లు ఒకటేనా అన్నదీ చూడాలి. వేరైతే ఎప్పుడో భాగాలు మార్చారన్నమాట.

ఈ ఫోటోల్ని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అక్కణ్నుంచి ఎటు పోతాయో మన చేతుల్లో ఉండదు. తెలిసినవాళ్లను అడగాల్సివస్తే నంబరులో చివరి అంకెలు కప్పి చూపించండి. ‘మంచి రేటిస్తాను’ అని ఫోన్ చేసేవాళ్లతో మాటలు పెంచుకోవద్దు.

మిగతా చరిత్రంతా కాగితాల్లో, మనుషుల్లో ఉంటుంది. నాయనమ్మను ‘తాతయ్యది ఏ రెజిమెంట్?’ అని అడిగితే ‘ఏమోరా అబ్బాయ్, మిలిటరీ అంతే’ అంటుంది. ‘తాతయ్య ఉత్తరాలు ఏ ఊరి నుంచి వచ్చేవే? డబ్బులు ఎక్కణ్నుంచి పంపేవాడు?’ అని అడిగి చూడండి. బర్మా అనో, బెంగళూరు అనో ఏదో ఒక ఊరు వస్తుంది. పాత కవర్ల మీద ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యపు తపాలా ఆఫీసు) నంబరు ఉంటే దాన్నిబట్టి యూనిట్ ఎక్కడుందో తెలుసుకోవచ్చు. మొదటి యుద్ధపు మెడల్ అంచున పేరు, నంబరు, యూనిట్ చెక్కి ఉంటాయి. దాన్ని కూడా తోమకండి. 1953 అక్టోబరు 1కి ముందు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే కాబట్టి, ఆనాటి ప్రభుత్వ కాగితాల కోసం ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ అడగాలి. ఆఫీసరు అయితే 1947కు ముందటి సర్వీసు ఫైలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉండే అవకాశం ఉంది.

మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరిలోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్స్ (సైన్యపు ఇంజనీర్ల దళం) అయితే బెంగళూరులో ఉన్న వాళ్ల రికార్డుల ఆఫీసుకు రాయండి. తాతగారి పూర్తిపేరు, ఆయన తండ్రి పేరు, సొంతూరు, తెలిస్తే సర్వీసు నంబరు, మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వానికి రుజువు జతచేయండి. ఫలానా నంబరు రివాల్వర్ ఫలానా మనిషికి ఇచ్చామని చెప్పే రిజిస్టర్లు దొరకడం చాలా అరుదు. అందుకని ఆ ఉత్తరంలో తుపాకీ సంగతి ఎత్తకుండా, ఆయన ఎప్పుడు చేరారు, ఎక్కడెక్కడ పనిచేశారు, ఎప్పుడు బయటికొచ్చారు అన్నవి మాత్రమే అడగండి.