జర్మన్ సీమల్లో రైలు, కాలినడక – నాలుగో పాఠం: నడక గంటలు, ఖాళీ రోజులు

మూడో పాఠం చివర, మనం గీసుకున్న 21 రోజుల యాత్రను రాత్రుల లెక్కన విడదీసి వీసా దరఖాస్తు ఏ దేశానికి పెట్టుకోవాలో తేల్చమని అడిగాను. జవాబు ఇది. డ్రెస్డెన్‌లో 2 రాత్రులు, బాడ్ షాండావ్‌లో 4, మ్యూనిక్‌లో 2, ఓబర్స్ట్‌డోర్ఫ్‌లో 2, కెంప్ట్‌నర్ హ్యుట్టెలో (హ్యుట్టె అంటే కొండ మీది నడకరుల బస) 1, తిరుగు విమానానికి ముందు ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1, వెరసి జర్మనీలో 12 రాత్రులు. మెమ్మింగర్ హ్యుట్టెలో ఒకటి, త్సామ్స్ ఊళ్లో రెండు కలిపి ఆస్ట్రియాలో 3. లౌటర్‌బ్రున్నెన్‌లో గడిపేవి స్విట్జర్లాండ్ వంతుకు 5. ఈ మూడు దేశాలకూ ఒకటే చెల్లే షెంగెన్ వీసాను ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే అడగాలి కాబట్టి మన దరఖాస్తు జర్మనీకి వెళ్తుంది. కెంప్ట్‌నర్ హ్యుట్టె ఆస్ట్రియా సరిహద్దును ఆనుకునే ఉన్నా జర్మనీలోని బవేరియా రాష్ట్రంలోనే ఉంది. దానిని ఆస్ట్రియా ఖాతాలో వేసినవారికీ చివరి జవాబు మారదు గాని, దరఖాస్తుతో జతచేసే బస వివరాల్లో ఆ తప్పు దొర్లకూడదు. జర్మనీ నివాస అనుమతితో అక్కడే చదువుకుంటున్న మన పిల్లలకు ఈ లెక్కతో పని లేదు. మిగతా రెండు దేశాలకూ ఆ అనుమతి మీదే వెళ్లి రావచ్చు.

ఈ పాఠంలో రెండు పనులు నేర్చుకుందాం. పటం మీద కనిపించే ఒక మజిలీ మన కాళ్లకు ఎన్ని గంటల పని అని లెక్కకట్టడం ఒకటి, ఆ లెక్కను రైళ్ల వేళలతో ముడిపెట్టేటప్పుడు ఖాళీ రోజును ఎక్కడ పెట్టాలో నిర్ణయించడం రెండోది. చాలామంది ముందు రైలు టికెట్లు కొనేసి, మిగిలిన సందుల్లో నడకను ఇరికిస్తారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. బండి నిమిషాల ప్రకారం కదులుతుంది, కొండ మీది బసలో భోజనం ఒక వేళకే పెడతారు. ఈ మొత్తం వ్యవహారంలో నిలకడలేనివి వానా, మన మోకాళ్లూ మాత్రమే కనుక పథకాన్ని వాటి దగ్గరే మొదలుపెట్టాలి.

నడక గంటల లెక్క

జర్మనీలో దారి సూచికల మీద వేసే సమయాలకు డిన్ 33466 అనే ప్రమాణం ఒకటి ఉంది. దాని ప్రకారం సగటు నడకరి గంటకు సమతలం మీద 4 కిలోమీటర్లు నడుస్తాడు, 300 మీటర్ల ఎత్తు ఎక్కుతాడు, 500 మీటర్లు దిగుతాడు. దూరానికి పట్టే గంటలను ఒక పక్కన, ఎక్కుడు దిగుళ్లకు పట్టే గంటలను కలిపి మరో పక్కన రాసుకోవాలి. రెంటిలో పెద్ద అంకెను పూర్తిగా తీసుకుని, చిన్న అంకెలో సగం దానికి కలిపితే నడక సమయం వస్తుంది. రెండింటినీ పూర్తిగా కూడితే లెక్క ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఎక్కుతున్నప్పుడు దూరం కూడా తరుగుతూనే ఉంటుంది కదా.

మన యాత్రలోని మొదటి పెద్ద ఎక్కుడునే తీసుకుందాం. ఓబర్స్ట్‌డోర్ఫ్ ఊరు 813 మీటర్ల ఎత్తున ఉంది, కెంప్ట్‌నర్ హ్యుట్టె 1844 మీటర్ల ఎత్తున ఉంది, మధ్య దూరం సుమారు 13 కిలోమీటర్లు. దూరాన్ని 4తో భాగిస్తే 3 గంటల 15 నిమిషాలు. ఎత్తు తేడా 1031 మీటర్లు. దాన్ని 300తో భాగిస్తే 3 గంటల 26 నిమిషాలు. పెద్దది ఎక్కుడు కాబట్టి దాన్ని అలాగే ఉంచి, 3 గంటల 15 నిమిషాల్లో సగమైన 1 గంట 37 నిమిషాలను కలిపితే 5 గంటల 3 నిమిషాలు వస్తాయి. లోయ వెంట వెళ్లే మొదటి సగం దాదాపు చదునుగా సాగి, ఎక్కుడంతా చివర్లోనే మీద పడుతుందన్న సంగతి ఈ అంకెలో కనిపించదు. దాన్ని మీరు పటంలోని ఎత్తు గీతల్లో చూసుకోవాలి.

అయితే ఈ 5 గంటలు ఆగకుండా నడిచినప్పటివి. స్విట్జర్లాండ్‌లోని పసుపుపచ్చ సూచికల మీద కనిపించే సమయాల్లో కూడా విశ్రాంతి కలిసి ఉండదు. నీళ్లు తాగడం, ఫొటోలు, చలికోటు విప్పడం, మళ్లీ తొడుక్కోవడం, ఎదురొచ్చిన ఆవుల మందకు దారివ్వడం లాంటివన్నీ కలుపుకుని నేను నాలుగో వంతు అదనంగా వేసుకుంటాను. అప్పుడు మన 5 గంటలు దాదాపు 6 గంటల 20 నిమిషాలవుతాయి. వేసవిలో ఆల్ప్స్ మీద ఉరుములతో కూడిన వాన సాయంత్రం పూటే ఎక్కువగా విరుచుకుపడుతుంది కాబట్టి 4 గంటలకల్లా బసకు చేరాలన్నది పాత నడకరుల నియమం. వెనక్కి లెక్కవేస్తే ఉదయం 9.30 దాటకుండా ఓబర్స్ట్‌డోర్ఫ్‌లో కాలు బయటపెట్టాలి.

సగటు నడకరి లెక్క మీకు సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. మీరు ఈ మధ్య ఎక్కి ఉంటే ఎంతసేపు పట్టిందో గుర్తు తెచ్చుకోండి. ఇంకా మంచిది, మళ్లీ ఒకసారి 8 కిలోల సంచి వీపున వేసుకుని, ఫోనులో ఎత్తు కొలిచే యాప్ తెరిచి ఎక్కండి. అది చూపిన ఎత్తును మీకు పట్టిన గంటలతో భాగిస్తే మీ సొంత అంకె వస్తుంది. 300 బదులు మీకు 240 వచ్చిందనుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పై లెక్కలన్నిటిలో 240 వేసుకుంటే చాలు. మా పెద్దమ్మ అంకె 200. ఆవిడ ఆ అంకెతోనే పథకం వేసుకుని మా అందరికంటే హాయిగా తిరిగి వచ్చింది.

బండి దిగిన పూటే కొండెక్కవచ్చా?

మ్యూనిక్ నుంచి ఓబర్స్ట్‌డోర్ఫ్‌కు ప్రాంతీయ రైల్లో దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. ఓబర్స్ట్‌డోర్ఫ్‌తో పట్టాలు అయిపోతాయి. స్టేషన్ బయటికి రాగానే కొండలు కళ్లెదుట నిలబడతాయి. అది చూసి, పొద్దున్నే బయలుదేరి అదే రోజు బసకు ఎక్కేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే చవకగా దొరికే బవేరియా రోజు టికెట్ పని దినాల్లో ఉదయం 9 గంటల తర్వాతే చెల్లుతుంది. దానితో బయలుదేరితే ఓబర్స్ట్‌డోర్ఫ్ చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, మన లెక్క ప్రకారం బసకు చేరేది సాయంత్రం 6 దాటాక. అంటే ఉరుముల వేళ అంతా ఎక్కుడులోనే గడుస్తుంది. వేళల ఆంక్ష లేని నెలవారీ టికెట్ డాయిచ్‌లాండ్‌టికెట్ చేతిలో ఉన్నా ఉదయం 7కి ముందే మ్యూనిక్‌లో బండి ఎక్కాలి, ఆ బండి సమయానికి నడవాలి.

ఆ రెండో షరతు మీదే నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఒక జంక్షన్‌లో 7 నిమిషాల్లో బండి మారవచ్చని యాప్ చెప్పింది, నేను నమ్మాను. మొదటి బండి 11 నిమిషాలు ఆలస్యమైంది, తర్వాతిది గంటకు గాని లేదు, దానితో లోయలోకి వెళ్లే ఆఖరి బస్సు కూడా తప్పిపోయింది. కొండ మీది బసకు ఫోను చేసి రాలేనని చెప్పడానికి నా దగ్గరున్న జర్మన్ సరిపోలేదు. బస్టాపు పక్కన తోటకు నీళ్లు పెడుతున్న ఒకామె నా ఫోను తీసుకుని నాలుగు ముక్కల్లో చెప్పేసి తిరిగి ఇచ్చింది. చెప్పకుండా మానేస్తే ఏమవుతుందో ఆమె మాటల్లోనే తెలిసింది: రావలసినవాడు చీకటి పడ్డా రాకపోతే దారిలో ప్రమాదం జరిగిందేమోనని బసవాళ్లు వెతుకులాటకు కబురు పెట్టవచ్చు. రాలేకపోతున్నామని తెలియజేయడం ఆ సీమల్లో కనీస బాధ్యత.

అందుకే మన పథకంలో ఓబర్స్ట్‌డోర్ఫ్‌లో రెండు రాత్రులు వేశాను. మొదటిది రైలు కోసం, రెండోది వాన కోసం. ముందుగా పడక కేటాయించుకున్న బసకు ఏ తేదీన వెళ్లాలో ఆ తేదీకి ముందు రోజే ఖాళీగా ఉండాలి. ఖాళీ రోజును చాలామంది నడక తర్వాత విశ్రాంతికని పెట్టుకుంటారు. అక్కడ అది హాయిగానే ఉంటుంది గాని దేన్నీ కాపాడదు.

టికెట్లు, ఆలస్యాలు

మన దేశంలో టికెట్ అంటే సీటు కూడా. సీటు లేకపోతే వెయిటింగ్ లిస్టు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలావరకు పగటి బండ్లకు టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. టికెట్ ఉంటే ఎక్కవచ్చు, సీటు ఖాళీగా ఉంటే కూర్చోవచ్చు. కనుక బండి నిండిపోతుందన్న భయంతో నెలల ముందు టికెట్ కొననక్కరలేదు. ముందుగా కొంటే ధర తగ్గుతుంది, అంతే. ఆ తగ్గింపుకు బదులుగా ష్పార్‌ప్రైస్ అనే చవక టికెట్ మిమ్మల్ని ఒకే బండికి కట్టేస్తుంది. జర్మన్‌లో దాన్ని త్సూగ్‌బిండుంగ్ అంటారు. ఆ బండి ఆలస్యం వల్ల గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకంటే ఆలస్యంగా చేరతారని తేలితే కట్టు తెగిపోతుంది, వేరే బండి ఎక్కవచ్చు. కాని మీరే వానలో చిక్కుకుని స్టేషన్‌కు ఆలస్యంగా వస్తే ఆ టికెట్ ఎందుకూ కొరగాదు. దీని నుంచి ఒక సూత్రం తీసుకోవచ్చు: ముందు రోజు ఖాళీగా ఉన్న ప్రయాణానికే కట్టు ఉన్న టికెట్ కొనాలి. బాడ్ షాండావ్ నుంచి మ్యూనిక్‌కు వెళ్లేటప్పుడు కొనవచ్చు, ఎందుకంటే అక్కడ మనం ఊళ్లోనే ఉంటాం. విమానం దిగిన రోజు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డ్రెస్డెన్‌కు మాత్రం కొనవద్దు.

జర్మనీ దూరప్రయాణపు బండ్లలో 2024లో 62.5 శాతమే సమయానికి నడిచాయి, అదీ 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా. అదే ఏడు స్విట్జర్లాండ్‌లో 3 నిమిషాల గీత పెట్టుకుని కొలిచినా 93 శాతం పైచిలుకు సమయానికి నడిచాయి. అక్కడ 1982 నుంచి దేశమంతా గడియారానికి కట్టిన టైంటేబుల్ నడుస్తోంది. పెద్ద జంక్షన్లకు బండ్లన్నీ గడియారంలో గంటో అరగంటో కొట్టడానికి కాస్త ముందు వచ్చి, కాస్త తర్వాత కదులుతాయి. అందువల్ల స్విట్జర్లాండ్‌లో 6 నిమిషాల్లో బండి మారడాన్ని నేను నిశ్చింతగా ఒప్పుకుంటాను, జర్మనీలో అరగంట కంటే తక్కువైతే ఒప్పుకోను.

డాయిచ్‌లాండ్‌టికెట్ సంగతి ఒకటి మిగిలింది. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలై, 2025 జనవరిలో 58కి, 2026 జనవరిలో 63కి పెరిగిన ఈ నెలవారీ టికెట్‌తో జర్మనీలోని ప్రాంతీయ రైళ్లు, నగర బస్సులు, ట్రాములు అన్నీ ఎక్కవచ్చు. వేగబండ్లు మాత్రం ఎక్కకూడదు. ఇది క్యాలెండర్ నెలకు చెల్లుతుంది. మీరు జులై 25న దిగితే ఓబర్స్ట్‌డోర్ఫ్ ప్రయాణం ఆగస్టు 2న పడుతుంది, ఆ ఒక్క ప్రయాణం కోసం రెండో నెల డబ్బు కట్టాలి. జులై 10న దిగితే ఒక్క నెలతో సరిపోతుంది. పైగా ఇది చందా. ఏ నెలతో ఆపాలనుకుంటే ఆ నెల 10వ తేదీలోపే రద్దు చేయాలి. 10న దిగేవారు కొన్న రోజునే రద్దు చేయవచ్చునో లేదో ఎక్కడ కొంటున్నారో అక్కడే చూసుకుని మరీ కొనండి.

అభ్యాసం

కెంప్ట్‌నర్ హ్యుట్టె తర్వాతి రోజు సరిహద్దు కనుమ దాటి లేహ్ లోయలోని హోల్ట్స్‌గావ్‌కు దిగి, మళ్లీ మెమ్మింగర్ హ్యుట్టెకు ఎక్కుతాం. ఆ మజిలీ మధ్యలో టాక్సీ బస్సు ఉంది కాబట్టి లెక్కకు అనువుగా ఉండదు. దాని మర్నాటిది తీసుకోండి. మెమ్మింగర్ హ్యుట్టె ఎత్తు 2242 మీటర్లు. అక్కడి నుంచి 2599 మీటర్ల ఎత్తున్న జేషార్టె కనుమకు ఎక్కి, ఆవలి వైపు 767 మీటర్ల ఎత్తున్న త్సామ్స్ ఊరికి దిగాలి. మొత్తం దూరం సుమారు 13 కిలోమీటర్లు. ఈసారి ఎక్కుడునూ దిగుడునూ వేర్వేరుగా భాగించి కలపాలని మరచిపోకండి. మొదట ప్రమాణం ప్రకారం, తర్వాత మీ సొంత అంకెతో నడక గంటలు తేల్చి, నాలుగో వంతు విశ్రాంతి కలపండి. బస నుంచి ఉదయం 7కి బయలుదేరితే త్సామ్స్ ఎన్నింటికి చేరతారో రాసుకోండి.

రెండో ప్రశ్న. త్సామ్స్ పక్కనే లాండెక్-త్సామ్స్ స్టేషన్ ఉంది. అది ఆర్ల్‌బెర్గ్ మార్గంలో ఉన్నందున జ్యూరిక్ వెళ్లే దూరప్రయాణపు బండ్లు అక్కడ ఆగుతాయి, జ్యూరిక్ అక్కడికి మూడు గంటల లోపు దూరం. మీ లెక్కలో ఆ సాయంత్రమే జ్యూరిక్ బండి అందుతున్నట్టు కనిపిస్తుంది. అయినా నేను త్సామ్స్‌లో రెండు రాత్రులు ఎందుకు వేశానో, అందులో రెండోదాన్ని తీసేస్తే మన పథకంలో ఏ టికెట్, ఏ బస ప్రమాదంలో పడతాయో రెండు మూడు వాక్యాల్లో రాయండి. జవాబులు ఐదో పాఠంలో చూద్దాం. ఆ పాఠానికి మీ వీపు సంచిని తూచి దాని బరువు కూడా రాసి పెట్టుకోండి.