నెట్ రాకపోతే రీసెట్ నొక్కేయకండి

విజయనగరం గంటస్తంభం దగ్గర మా బావకి చిన్న ట్యాక్స్ ఆఫీసు ఉంది. కొత్త రౌటర్ పెట్టిన రోజే నెట్ రాలేదని గుండుసూదితో రీసెట్ నొక్కేశాడు. లోపలున్న, ఆపరేటర్ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోయాయి. కేబుల్ అబ్బాయి ఫోనెత్తేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. తీరా చూస్తే తప్పల్లా బయటి లైను వైరు దానికోసం ఉన్న వ్యాన్ పోర్టులో కాకుండా, పక్కనే కంప్యూటర్లకి ఉన్న ల్యాన్ పోర్టులో పెట్టడమే! వ్యాన్ పోర్టు సాధారణంగా వేరే రంగులో ఉంటుంది, చూసి పెట్టండి.

వైఫై ఉంది, నెట్ లేదు
ముందు మోడెం (బయటి లైను వచ్చి చేరే పెట్టె) లైట్లు చూడండి. ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే లైటు) ఎర్రగా వెలిగినా, కేబుల్ మోడెం ఆన్‌లైన్ లైటు ఆగకుండా మినుకుతున్నా తప్పు బయటి లైనుది. రౌటర్‌ని ఎంత కెలికినా లాభం లేదు, కేబుల్ వాళ్లకి ఫోన్ చెయ్యండి. టీవీ కోసం మధ్యలో స్ప్లిటర్ (లైనుని రెండుగా చీల్చేది) పెట్టుంటే ఓసారి తీసేసి మోడెంకి నేరుగా ఇచ్చి చూడండి. రెండు దారుల స్ప్లిటర్ సగానికి పైగా సిగ్నల్ తినేస్తుంది.

లైట్లు బాగానే ఉన్నాయా? చాలా కేబుల్ మోడెంలు మొదట తగిలించిన పరికరం మ్యాక్ అడ్రస్‌నే (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) గుర్తుపెట్టుకుంటాయి. నిన్న ల్యాప్‌టాప్ పెట్టి చూసి, ఇవాళ రౌటర్ తగిలిస్తే పలకవు. రెండూ ఆపి, మోడెం ముందు ఆన్ చేసి, లైటు నిలకడగా వెలిగాక రౌటర్ ఆన్ చెయ్యండి. అప్పటికీ రాకపోతే రౌటర్ సెట్టింగుల్లో మ్యాక్ క్లోన్ ఉంటుంది, దాంతో రౌటర్‌కి ఆ ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌నే పెట్టండి. అదే సెట్టింగుల్లో కనెక్షన్ రకం దగ్గర, ఆపరేటర్ యూజర్‌నేమ్ ఇచ్చుంటే పీపీపీఓఈ (పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేది), ఇవ్వకపోతే డైనమిక్ ఐపీ (అడ్రస్ దానంతటదే వచ్చేది) ఎంచుకోవాలి.

ఒక కంప్యూటర్‌కి ప్రింటర్ కనబడుతుంది, ఇంకోదానికి కనబడదు
ఒకటి మోడెం వైఫైలో, రెండోది రౌటర్ వైఫైలో ఉంటాయి. అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు. మోడెం వైఫై ఆపేసి అన్నిటినీ రౌటర్‌కే కలపండి. రెండు పెట్టెల ఐపీ అడ్రస్ (నెట్‌వర్కులో పెట్టె నంబరు) కూడా 192.168.1.1 అయితే అసలు నెట్టే తికమక పడుతుంది. రౌటర్‌ది 192.168.2.1 చెయ్యండి.

300 ఎంబీపీఎస్ ప్లాను, వచ్చేది 95
ఇది వైరు సంగతి. గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్ లింకు) వైరులోని ఎనిమిది తీగలూ కావాలి. ఒక్కటి తెగినా లింకు 100కి పడిపోవచ్చు. బావ ఆఫీసులో సన్‌షేడ్ మీదుగా పోయిన వైరు కనెక్టర్ ఊడదీస్తే, రెండు పిన్నుల మీద పచ్చగా చిలుము. మన వైపు అక్టోబరు వానలు తెలుసుగా! కనెక్టర్ కోసేసి కొత్తది వేశాను: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలా ఇదే వరస. మరుక్షణం స్పీడు వచ్చేసింది.

వెనక గదిలో వైఫై అందదు
రౌటర్‌ని ఇనప బీరువా పక్కనుంచి తీసి ఎత్తులో పెట్టండి. గోడలు దాటాలంటే 5 కన్నా 2.4 గిగాహెర్ట్జే నయం.

ఇవన్నీ అయ్యాకే రీసెట్. ముందు వ్యాన్ సెట్టింగుల పేజీ ఫోనుతో ఫొటో తీసుకోండి. పాస్‌వర్డ్ అక్కడ చుక్కలుగానే కనబడుతుంది కాబట్టి కేబుల్ అబ్బాయి దగ్గర రాయించుకోండి, ఆ తర్వాతే గుండుసూది తియ్యండి.