ఎక్స్‌ట్రాక్ట్ రంగు రీడింగ్‌ను పాడుచేయకుండా

నేరేడు గింజలు, మెంతులు, పొడపత్రి లాంటి వాటి ఎక్స్‌ట్రాక్ట్‌లు ఆల్ఫా గ్లూకోసిడేజ్‌ను (పిండి పదార్థాలను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్) ఆపుతాయా అని పరీక్ష చేస్తున్నవాళ్లకు ఒక మాట. ఇందులో మనం చూసేది 405 నానోమీటర్ల దగ్గర పసుపు రంగు. ఎంజైమ్ పీఎన్‌పీజీ అనే పదార్థాన్ని విడగొడితే పారా నైట్రోఫినాల్ వస్తుంది, చివర్లో సోడియం కార్బొనేట్ వేయగానే ఆ పసుపు చిక్కబడుతుంది. కానీ ఎక్స్‌ట్రాక్ట్‌కి సొంత రంగు ఉంటుంది కదా! పైగా కార్బొనేట్ తగిలితే అందులోని పాలీఫినాల్స్ ఇంకా ముదురుతాయి. దాంతో బాగా పనిచేసే ఇన్హిబిటర్ (ఎంజైమ్‌ను ఆపే పదార్థం) కూడా పనిచేయనట్టే కనిపిస్తుంది.

అందుకే ప్రతి మోతాదుకూ విడిగా ఒక బ్లాంక్ (ఎంజైమ్ లేని పోలిక నమూనా) పెట్టండి. ఎక్స్‌ట్రాక్ట్, పీఎన్‌పీజీ, కార్బొనేట్ అన్నీ ఉండాలి, ఎంజైమ్ బదులు బఫర్ మాత్రం పోయాలి. ఆ రీడింగ్ తీసేశాకే ఎంజైమ్‌ను ఎంత శాతం ఆపిందో లెక్కకట్టండి. మొదట్లో నేను అన్నిటికీ కలిపి ఒకే బ్లాంక్ పెట్టాను. రెండు వారాల ప్లేట్లు మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి: ఈస్ట్ నుంచి తీసిన ఎంజైమ్ మీద అకార్బోజ్ (ఈ పరీక్షలో పోలికకు వాడే షుగర్ మందు) ప్రభావం చాలా తక్కువ. మీ ఎక్స్‌ట్రాక్ట్ అకార్బోజ్ కన్నా మేలని రాసే ముందు ఎలుక పేగు ఎంజైమ్‌తో కూడా ఒకసారి చూడండి.