తిరుపతి ఎండల్లో రెడ్ వైన్: రుచి ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

మామూలు ధరలో ఒక రెడ్ వైన్ సీసా తెచ్చుకుని, రెండు గుక్కలు తాగి మొహం చిట్లించి, తక్కువ రేటుది ఇంతేలే అని పక్కన పెట్టేసేవాళ్లు మన ఊళ్లో చాలామంది. నేను దీనికి అస్సలు ఒప్పుకోను. నాసిక్‌లోనో నంది హిల్స్ దిగువనో తయారై వచ్చే మామూలు సీసాలు రోజువారీ భోజనానికి చక్కగా సరిపోతాయి, వాటి రుచి ఎక్కువసార్లు చెడేది మన ఎండ వల్ల, మన కూరల్లో కారం వల్ల, సీసాను ఉంచే చోటు వల్ల. అందుకే ఒక్కో ఇబ్బందినీ పట్టుకుని చెబుతాను. 21 ఏళ్లు నిండనివాళ్లు మాత్రం ఇక్కడితో ఆపేయండి, చట్టం కూడా అదే చెబుతోంది.

సమస్య: ముక్కు దగ్గర పెట్టగానే ఘాటు, గొంతులో మంట, పండు వాసనే లేదు

ఇది నూటికి తొంభై సార్లు వేడి వల్లే. రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, మే నెలలో బీరువా మీద పెట్టిన సీసాను అలాగే తెరుస్తారు. ఆ సలహా చలి దేశాల పాతకాలపు ఇళ్లది, అక్కడ గదిలో 16 నుంచి 18 డిగ్రీలు ఉంటే గొప్పగా ఉండేది. మన దగ్గర ఫ్యాన్ కింద కూడా 33, 34 ఉంటుంది. అంత వేడిలో వైన్‌లోని 13, 14 శాతం ఆల్కహాల్ ముందుగా ఆవిరై ముక్కుకు తగులుతుంది, మిగతా వాసనలన్నీ దాని వెనకపడిపోతాయి.

తెరిచే ముందు ఎండాకాలంలో ముప్పావు గంట, డిసెంబర్, జనవరిలో పావు గంట ఫ్రిజ్‌లో పెట్టండి. కరెంటు పోతే తడి గుడ్డ చుట్టి గాలి తగిలే చోట పెట్టినా పని జరుగుతుంది. చేత్తో పట్టుకుంటే మట్టికుండలో నీళ్లంత చల్లగా ఉండాలి, అంతే, థర్మామీటర్ అక్కర్లేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండిపోయిందా, అరగంట ముందు బయట పెట్టండి, ఎందుకంటే మరీ చల్లబడితే వగరు, చేదు పైకి తేలుతాయి. ఐస్ మాత్రం వేయకండి, పది నిమిషాల్లో నీళ్లు తాగుతున్నట్టే ఉంటుంది.

సమస్య: చల్లగా పెట్టినా ఉడికిన పండ్ల రుచి, లేదా కార్క్ కొంచెం పైకి లేచి ఉంది

ఈ సీసా ఎక్కడో బాగా ఎండకు కాగింది. లారీలో కావచ్చు, పడమటి ఎండ పడే షాపు అద్దం దగ్గర కావచ్చు. దీన్ని బాగుచేసే దారి లేదు, కొనేటప్పుడే చూసుకోవాలి. ముందు వరసలో ట్యూబ్‌లైట్ కింద దుమ్ము పట్టి ఉన్నది వద్దు, ‘అన్నా, లోపల పెట్టెలోది ఒకటి ఇయ్యన్నా’ అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మూత చుట్టూ వేలితో తడిమి చూడండి, జిగురుగా తగిలితే వైన్ కారిందన్నమాట, తీసుకోవద్దు. ద్రాక్ష కోసిన సంవత్సరం లేబుల్ మీద ఉంటే చూడండి, ఈ ధర వైన్లు రెండు మూడేళ్లలో తాగేయాల్సినవి, పాతబడితే గొప్పవి అయిపోవు. మర తిప్పే మూత ఉన్నదాన్ని తక్కువగా చూడకండి, మన వేడికి నేను దాన్నే ముందు ఎంచుకుంటాను.

కొన్న సీసాను కారు డిక్కీలో వదిలేసి ఊరంతా తిరిగినా ఇదే గతి పడుతుంది. కొండకు వెళ్లే పని ఉంటే అసలు కారులో ఉంచుకోకండి, తిరుమలలో మద్యం పూర్తిగా నిషేధం, అలిపిరిలో తనిఖీ ఉంటుంది.

సమస్య: విపరీతమైన తీపి

మీరు కొన్నది పోర్ట్ రకం. మన దేశంలో పోర్ట్ పేరుతో అమ్మే చవక సీసాలు తియ్యటివి, అది ఇష్టమైతే తాగండి, తప్పేం లేదు, కానీ భోజనంతో కుదరదు. లేబుల్ మీద షిరాజ్, కాబెర్నె సావిన్యాన్, మెర్లో లాంటి ద్రాక్ష పేరు ఉన్నదాన్ని తీసుకోండి. సులా, గ్రోవర్ జంపా, ఫ్రాటెల్లి లాంటి మన దేశపు కంపెనీల మామూలు శ్రేణి సీసాల్లో ఏది దొరికితే దాంతో మొదలుపెట్టొచ్చు. విదేశీ సీసా మీద దిగుమతి సుంకం చాలాకాలం 150 శాతం ఉండేది, ఆస్ట్రేలియా వైన్లకు ఆ దేశంతో 2022లో కుదిరిన వాణిజ్య ఒప్పందంతో కొంత తగ్గింది, అయినా అదే డబ్బుకు ఇక్కడి వైన్ మెరుగ్గా ఉంటుందనే నా అభిప్రాయం.

సమస్య: నాటుకోడి పులుసుతో తాగితే నోరంతా మంట, వైన్ చేదు

చిత్తూరు వైపు వంటకు ఇదే అసలు చిక్కు, దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్ వల్ల వైన్‌కు వగరు వస్తుంది, అది లాలాజలంలోని ప్రొటీన్‌ను పట్టుకుని నాలుకను ఎండబెడుతుంది. ఎండుమిరపకాయ కారం మీద ఆ వగరు, ఆల్కహాల్ రెండూ కలిస్తే మంట ఇంకా పెరుగుతుంది. పైగా పులుసులో చింతపండు పులుపు ముందు వైన్‌లో ఉన్న కాస్త పులుపు తేలిపోయి చప్పగా అనిపిస్తుంది. కాబట్టి పులుసు, సంగటి తినే రోజు సంగటే తినండి, వైన్ ఇంకో రోజుకు ఉంచండి.

వైన్ తాగే రోజు కారం తగ్గించి మిరియాలతో మటన్ వేపుడు చేసుకుని, పక్కన షిరాజ్ పెట్టుకోండి. మిరియాల్లో ఆ వాసన తెచ్చే రోటుండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో కనిపెట్టారు, ఆ రెండూ నోట్లో ఎందుకంత చక్కగా కలుస్తాయో దాంతో అర్థమవుతుంది. మటన్‌లోని కొవ్వు, ప్రొటీన్ వగరును మెత్తబరుస్తాయి. మాంసం తిననివాళ్లకు ఉప్పేసి ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఉర్లగడ్డ వేపుడు, నెయ్యిలో వేయించిన పనీర్ ఉన్నాయి. కారం తప్పదంటే వగరు తక్కువుండే మెర్లో తీసుకుని, ఇంకో పది నిమిషాలు ఎక్కువ చల్లబరచండి. ఏమీ తినకుండా ఉత్తగా తాగి వగరు అనడం మాత్రం న్యాయం కాదు.

అప్పటికీ వైన్ వాసన, రుచి బయటికి రాకుండా బిగుసుకున్నట్టు ఉంటే వెడల్పాటి జగ్గులోకి వంచి అరగంట వదిలేయండి. స్టీలు గ్లాసు నిండా పోయకండి, నోరు కాస్త లోపలికి వంగిన గాజు గ్లాసులో మూడో వంతు పోసుకుంటేనే వాసన నిలుస్తుంది.

సమస్య: మర్నాటికి పులిసిపోయింది

ఒక సీసా 750 మిల్లీలీటర్లు, 150 చొప్పున ఐదు గ్లాసులు. ఇంట్లో ఒకరిద్దరే తాగితే మిగలడం ఖాయం, అది పాడవుతుందేమోనని ఆ రాత్రే ఖాళీ చేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. గాలి తగిలితే బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మారుస్తుంది, మన వేడిలో ఇంకా త్వరగా. అందుకని సీసా తెరిచిన వెంటనే, గ్లాసులో పోసుకోకముందే, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చిన్న గాజుసీసాను మూతి దాకా నింపి, బిగించి, ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఆపైన మిగిలింది మటన్ కూరలో పోసుకోండి.

సమస్య: ఒక గ్లాసుకే తలనొప్పి

వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్లను అందరూ తిడతారు కానీ వైట్ వైన్లలో అవి సాధారణంగా ఇంకా ఎక్కువే ఉంటాయి. ద్రాక్ష తొక్కలోని క్వెర్సెటిన్ అనే పదార్థం కారణం కావచ్చని 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు, అది ఇంకా రుజువు కావాలి. మన ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గి ఉండటం కూడా ఒక కారణం కావచ్చు. ముందే అన్నం తినండి, గ్లాసుకు గ్లాసు నీళ్లు తాగండి. అయినా ప్రతిసారీ వస్తుంటే మీ ఒంటికి రెడ్ వైన్ పడదు, మానేయండి. షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగాలి. ఎంత తక్కువైనా మద్యం పూర్తి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది, గుండెకు మంచిదని పోసుకోవద్దు. తాగాక బండి తీయకండి, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే.

చిన్న చిన్నవి

కార్క్ విరిగి లోపల పడితే టీ వడకట్టుతో వడపోయండి. అడుగున మెరిసే పలుకులు గాజు ముక్కలు కావు, ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లపు ఉప్పు, ఏ హానీ లేదు. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే గ్లాసులో బాగా తిప్పి కాసేపు గాలికి పెట్టండి, చాలాసార్లు పోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన మాత్రం పోదు, ఆ తప్పు కార్క్‌ది, ఆ సీసా షాపులో మార్చమని అడగండి, మార్చకపోతే పారబోయండి.