వీఏ కాగితాలు, ఆరో పాఠం: నూరు శాతం వేరు, శాశ్వతం వేరు

అమెరికా మాజీ సైనికుల శాఖ అయిన వీఏకు మనవాళ్లు పంపే కాగితాల గురించి ఈ పాఠాలు. ఐదో పాఠం చదివి మీరు చేసిన పని చూశాక, ఈసారి చెబుతానన్న టీడీఐయూ (జబ్బువల్ల ఉద్యోగం చేయలేనివారికి, శాతం తక్కువైనా 100 శాతం లెక్కన ఇచ్చే భృతి) పాఠాన్ని వెనక్కు జరపక తప్పలేదు. పీటీఎస్‌డీకి, అంటే యుద్ధం వంటి భయానక అనుభవాల తరువాత మిగిలే మానసిక జబ్బుకు, వీఏ ఇచ్చే వైకల్య శాతం 70 దగ్గర ఆగినవారు 100 ఎలా అడగాలో అందులో చెప్పాను. లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో దాచకుండా రాయమన్నాను. రాశారు. కొందరికి 100 వచ్చింది. వెంటనే అవే కాగితాలకు ఒక ఉత్తరం జతచేసి, ‘దీన్ని శాశ్వతం చేయండి’ అని పంపారు. ముగ్గురికి మళ్లీ వైద్య పరీక్షకు రమ్మని పిలుపు వచ్చింది. వారిలో ఒకరి తల్లి గుంటూరు నుంచి ఫోను చేసి, ‘ఇచ్చింది కూడా లాగేసుకుంటారా అమ్మా?’ అని ఏడ్చారు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని నేను అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

పిలుపు అందినవారు ముందు ఇది చదవండి. పరీక్షకు తప్పకుండా వెళ్లండి. సరైన కారణం లేకుండా మానేస్తే, శాతం తగ్గించడానికి అదొక్కటే చాలు. తేదీ కుదరకపోతే ముందే ఫోను చేసి మార్పించుకోండి. 100 శాతాన్ని తగ్గించాలంటే పరీక్షలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడాలి. అదీ ఉద్యోగం చేస్తూనో వెతుక్కుంటూనో, మామూలు జీవితం గడుపుతున్నప్పుడు కనబడాలి. చాలాకాలం ఇంటిపట్టున విశ్రాంతిగా ఉండి కాస్త నెమ్మదించిన మనిషిని చూపి ‘బాగుపడ్డాడు’ అని వెంటనే తగ్గించడానికి నిబంధన ఒప్పుకోదు. అప్పటికీ తగ్గించదలిస్తే ముందు ప్రతిపాదన పంపాలి. సాక్ష్యం పంపడానికి మీకు 60 రోజులు, విచారణ కోరడానికి 30 రోజులు గడువు ఉంటుంది.

అందుకే వీఏ కవరును వచ్చిన రోజే విప్పండి. మా ఆయన విప్పేవారు కాదు. ఒకసారి ఫ్రిజ్ మీద, పాత పత్రికల కింద 11 కవర్లు దొరికాయి. ఒక్కదాని అంచు కూడా చిరగలేదు. అది నిర్లక్ష్యం కాదు, జబ్బులో భాగం. ఆ పని ఇంట్లో మరొకరు తీసుకోవాలి.

ఇక అసలు సంగతి. శాతం తేల్చేటప్పుడు అధికారి చూసేది, ఈ జబ్బు ఇప్పుడు మనిషిని ఎంతగా కుంగదీసిందన్నది. శాశ్వతమా కాదా తేల్చేటప్పుడు చూసేది, బతికినంత కాలం ఇలాగే ఉంటుందని సహేతుకంగా నమ్మవచ్చా అన్నది. మొదటిదానికి తీవ్రత చూపాలి, రెండోదానికి ఏళ్లు చూపాలి. మీరు తీవ్రత చూపే కాగితాలతో రెండోది అడిగారు. చికిత్స మొదలై నాలుగు నెలలైనా కాని మనిషి ‘ఇక ఎప్పటికీ తగ్గదు’ అని రాస్తే, మందు పనిచేస్తుందేమో చూద్దామని అధికారి అనుకోవడం సహజం.

అడిగే ముందు, శాశ్వత హోదా ఇప్పటికే వచ్చిందేమో చూసుకోండి. నిర్ణయ పత్రంలో ఇకపై పరీక్షలు లేవన్న వాక్యాన్ని, కుటుంబ సభ్యుల చదువు సాయానికి, అంటే చాప్టర్ 35కు, అర్హత ఏర్పడిందన్న వాక్యాన్ని వెతకండి. రెండోది ఉంటే హోదా వచ్చినట్టే. వీఏ వెబ్‌సైటులో తీసుకునే సారాంశ పత్రంలోనూ సంపూర్ణ, శాశ్వత వైకల్యం గురించిన వరుస ఉంటుంది. ఉత్తరం పంపిన ఒక పాఠకుడికి ఈ హోదా ఏడాది ముందే వచ్చింది. ఆ ఏడాదంతా ఆయన భార్య ఆరోగ్య బీమా లేకుండా గడిపారు. ఇలాంటి కుటుంబాలకు వీఏ ఇచ్చే ఆరోగ్య బీమా చాంప్‌వీఏకు ఎప్పుడో దరఖాస్తు చేసుకుని ఉండవచ్చు.

వయసు సంగతి క్లుప్తంగా చెబుతాను. 55 దాటినవారిని అసాధారణ పరిస్థితుల్లో తప్ప మళ్లీ పరీక్షకు పిలవరు. అయిదేళ్లకు పైగా చెప్పుకోదగ్గ మార్పు లేకుండా లక్షణాలు కొనసాగినా పిలవకూడదు. ఒక శాతం 20 ఏళ్లు నిలిచిందంటే, మోసం జరిగిందని తేలితే తప్ప అంతకన్నా తగ్గించలేరు. మన పాఠకుల్లో ఎక్కువమంది విదేశీయులను అమెరికా సైన్యంలోకి తీసుకున్న మావ్నీ పథకంలో చేరి పౌరసత్వం పొందినవారు, ముప్పైల్లో నలభైల్లో ఉన్నవారు. వయసు మీకు ఆసరా కాదు. మీకున్న ఆసరా ఆ అయిదేళ్ల చరిత్ర ఒక్కటే.

ఆ చరిత్రను మనవాళ్లు తమ నోటితోనే చెరిపేసుకుంటున్నారు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ‘బాగున్నారా?’ అంటే ‘బాగున్నాం’ అనడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద. ఇంట్లో చావు జరిగిన పదోరోజున అడిగినా అలాగే అంటాం. డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే ఆమె మర్యాదకు ‘ఎలా ఉన్నారు?’ అంటుంది. మనం మర్యాదకు ‘బాగున్నాను’ అంటాం. ఆమె కంప్యూటరులో ‘బాగున్నానని రోగి చెప్పారు’ అని కొడుతుంది. అలాంటివి ఏడాదికి నాలుగు, అయిదేళ్లకు ఇరవై. ఆ ఇరవై వాక్యాలను వరుసగా చదివిన అధికారికి, బాగుపడుతున్న మనిషి కనబడతాడు.

డాక్టరు అడుగుతుంది, రోగి చెబుతాడు: ‘నిద్ర?’ ‘పర్వాలేదండీ.’ నిజానికి ఆయన తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని, తెల్లవారుజామున ఒక గంట కునికారు. ‘ఇంట్లో?’ ‘అంతా బాగే.’ నిజానికి భార్య పిల్లలను తీసుకుని ఆరు వారాలుగా అక్క ఇంట్లో ఉంది. ‘ఉద్యోగం?’ ‘మానేశానండీ, వేరేది చూసుకుంటున్నాను.’ నిజానికి వెనక నుంచి భుజం తట్టిన మేనేజరును గోడకు నెట్టడంతో తీసేశారు. ‘మందులు?’ ‘వాడుతున్నాను.’ నిజానికి రెండు నెలల క్రితం ఆపేశారు. ‘జనంలోకి వెళుతున్నారా?’ ‘గుడికి వెళతాను.’ నిజానికి కారులోనే కూర్చుని, భార్య ప్రసాదం తెచ్చేదాకా అద్దంలో వెనక్కు చూస్తుంటారు.

నేను అబద్ధం చెప్పమనడం లేదు. పెంచి చెప్పినది ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది, దానితో నిజమంతా కొట్టుకుపోతుంది. మంచి రోజులుంటే అవీ చెప్పండి. ‘నెలలో నాలుగైదు రోజులు ఫరవాలేదు, మిగతావి ఇలా ఉంటాయి’ అనడం ‘బాగున్నాను’ అనడం కన్నా నిజం. మా ఇంట్లో గోడ క్యాలెండరులో తిథి పక్కన ఎర్ర పెన్నుతో చుక్క పెట్టేదాన్ని. పీడకలకు ఒక చుక్క, గది దాటి రాని రోజుకు రెండు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ మూడు నెలల కాగితాలు చేతిలో ఉండేవి. ఆయన ‘పర్వాలేదు’ అనగానే నేను వాటిని బల్ల మీద పరిచేదాన్ని.

డాక్టరు ఉత్తరం గురించి. ‘ఇతనికి శాశ్వత, సంపూర్ణ వైకల్యం ఉంది’ అన్న ఒక్క వాక్యం ఎందుకూ పనికిరాదు. తీర్పు అధికారిది, కారణాలు డాక్టరువి. ఉత్తరం ఈ తీరులో ఉండాలి: ‘2016 నుంచి చూస్తున్నాను. సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్ పూర్తి మోతాదులో వాడాం. పీడకలలకు ప్రాజోసిన్ ఇచ్చాం. మాటల చికిత్స రెండు విడతలు పూర్తిచేశారు. ఒక్కో విడత తరువాత కొన్ని నెలలు ఉపశమనం కలిగి లక్షణాలు పూర్వస్థితికి చేరాయి. అందువల్ల ఇకపై గణనీయమైన మెరుగుదలకు అవకాశం చాలా తక్కువ.’ ‘మెరుగుపడకపోవచ్చు’ అని వదిలేస్తే చాలదు. విడిగా ఉత్తరం రాయడానికి డాక్టరు ఇష్టపడకపోతే, ఇకముందు ఎలా ఉండబోతుందన్న తన అంచనాను ఆ రోజు వైద్య నమోదులోనే రాయమని అడగండి.

ఎప్పుడు అడగాలన్నదానికి నా లెక్క ఇది. 100 వచ్చి రెండేళ్లు కాకపోయినా, చికిత్స మధ్యలో ఉన్నా అడగను. పీటీఎస్‌డీని తగ్గించగల చికిత్సను హోదా కోసం ఆపడం అన్నిటికన్నా పెద్ద తప్పు. చరిత్ర అంతా ఫైలులోనే ఉండి అధికారి చూడలేదనిపిస్తే, నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు ఫారం 20-0996తో పై స్థాయి సమీక్ష కోరవచ్చు. అందులో కొత్త కాగితం ఒక్కటి కూడా తీసుకోరు. కొత్త సాక్ష్యం ఉంటే ఫారం 20-0995 పంపాలి. ఏది పంపినా ముందు మాజీ సైనికుల దరఖాస్తులకు సాయపడే, గుర్తింపు ఉన్న సర్వీస్ ఆఫీసరుకు చూపండి. వారు డబ్బు తీసుకోరు.

అభ్యాసం. వైద్య నమోదులన్నీ తెప్పించుకుని, గడిచిన అయిదేళ్లను ఆరు నెలలకు ఒక వరుస చొప్పున పది వరుసల్లో రాయండి. వాడిన మందు, చేసిన చికిత్స, ఉద్యోగం, నిద్ర, ఇంటి పరిస్థితి. ప్రతి మాట పక్కన అది ఏ కాగితంలో ఏ పేజీలో ఉందో వేయండి. పేజీ దొరకని మాట చుట్టూ సున్నా చుట్టండి. ఇంట్లోవారు ఇవే పది వరుసలను మీవి చూడకుండా వేరే కాగితం మీద రాయాలి. వారం పడుతుంది. రాస్తుండగా పాతవి ముంచుకొస్తే కలం పక్కన పెట్టి మాజీ సైనికులకు కష్టకాలంలో సాయపడే 988కి ఫోను చేసి 1 నొక్కండి, ఏ వేళైనా పలుకుతారు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలవలేదో గీత గీయండి. వీఏకి మాత్రం ఇంకా పంపకండి. ఏడో పాఠం ఆ సున్నాల దగ్గర మొదలవుతుంది.